దీపాల వేళ వాయిదా

నెల్లిమర్ల బజారులో ఏ కొట్టు ముందు నిలబడినా ఫోన్‌లో ఇన్ని రూపాయలొచ్చాయని మాట్లాడే డబ్బాలు అరుస్తూనే ఉంటాయి. అవి దుర్గాభవాని బ్యాంకువి కావు, ఫోన్ చెల్లింపుల కంపెనీవి. డబ్బాతో పాటు రోజువారీ వాయిదాల మీద అప్పులూ ఇచ్చి, ఆ కంపెనీ బజారు మొత్తాన్నీ ఎగరేసుకుపోయింది. ఏళ్లనాటి బ్యాంకు బ్రాంచిలో ఈగలు తోలుకోవడమే మిగిలింది. మార్చి చివరికి వ్యాపారులు తిరిగి రాకపోతే బ్రాంచి ఎత్తేస్తామని పైవాళ్లు తేల్చేశారు. మేనేజరు దుర్గాభవానికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

అలాగని ఊరుకునే మనిషి కాదావిడ. బ్యాంకు కొత్తగా తెచ్చిన డబ్బా, అలాంటిదే అప్పు పథకం పట్టుకుని, రోజూ పని ముగిశాక కొట్టుకొట్టుకూ తిరిగింది. అందరూ కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, సంతకం మాత్రం పెట్టలేదు. వీళ్లంతా ఫోన్ మాయలో పడ్డారనుకుని ఉడికిపోయింది.

ఒక సాయంత్రం ఆవిడ ఎదురుగానే కిరాణా కొట్టు కాంతం దీపం వెలిగించి దండం పెడుతుండగానే ఫోన్ టింగుమంది. కంపెనీ ఆ రోజు వాయిదా కోసేసుకుంది.

"సూడండమ్మా! దీపాలెట్టిన ఏళకి లచ్చిమిని గడప దాటిస్తన్నారు. ఎంత మొత్తుకున్నా ఇనిపించుకోరు" అంది కాంతం మండిపడుతూ.

"మరి మా దగ్గరికి రారేం?" అంది దుర్గాభవాని.

"మీరొచ్చేదీ ఈ ఏళకే కదమ్మా! అప్పు కాయితం మీద ఇప్పుడు సెయ్యెడతామేటి?"

దుర్గాభవాని సిగ్గుతో చచ్చిపోయింది. తనదీ శ్రీకాకుళం వ్యాపారుల ఇల్లే. దీపాల వేళ వాళ్ల నాన్న ఎవరికీ చిల్లర కూడా ఇచ్చేవాడు కాదు. ఉద్యోగంలో పడి అదంతా ఎలా మరిచిపోయిందో!

మర్నాడే పై ఆఫీసుకు ఫోన్ చేసి, తమ పథకంలోనూ దీపాల వేళకే పడే వాయిదాను మార్చమంది. "ఒక్క ఊరి కోసం వేళ మారుస్తామా?" అని నవ్వారు. "ఆ ఊరి కోసమే కదండీ ఈ బ్రాంచి" అని పట్టిన పట్టు విడవలేదు. చివరికి బ్యాంకు వాయిదా కోసే వేళను మధ్యాహ్నానికి మార్పించింది. ఆపై రోజూ పొద్దున్నే, బోణీలయ్యాక బయల్దేరింది. మొదట కాంతం సంతకం పెట్టింది. తర్వాత ఇనుప సామాన్ల లక్ష్మణరావు, అటుపై బజారంతా కంపెనీ అప్పులు తీర్చేసి బ్యాంకు దారి పట్టింది.

మార్చి ఆఖర్న బ్రాంచి ఎత్తేసే కాగితాలతో వచ్చిన పెద్ద అధికారికి లోపల కాలు పెట్టే చోటు దొరకలేదు. జనాన్ని తోసుకుని వెళ్లి లెక్కలు చూశాడు. మళ్లీ మళ్లీ చూశాడు. కాగితాలు సంచిలో పెట్టేసుకుని, "బ్రాంచి ఉంటుందమ్మా" అన్నాడు.

దుర్గాభవాని కళ్లు తుడుచుకునేలోపే జనంలోంచి కాంతం గొంతు లేచింది.

"ఉండక ఏటవుతాది బాబూ? జనం పట్టనేదు. గోడ కొట్టించి ఇంకో గది ఎయ్యించండి!"