దూలం, దుప్పి, దుప్పటి

మార్చిలో చెత్తడబ్బా బయట పెట్టబోయి, గడ్డకట్టిన మంచు మీద జారి, మా ఆవిడ ఆర్డిస్ తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో లోహపు కీలు వేసి పంపారు. ఇంటికొచ్చిన రోజే వంటింటి కిటికీలోంచి పెరటివైపు చూస్తూ కోరిక బయటపెట్టింది. పెరట్లో మాకు సిమెంటు గచ్చు, పైన కప్పు, మూడు వైపులా గాలి. ఆ మూడు వైపులా అద్దాలు బిగించి వరండా చెయ్యాలట. వసంతం, వేసవి, ఆకురాలే కాలం అక్కడే కూర్చుంటుందట. చలికాలం ఎలాగూ మా మిన్నెసోటా రాష్ట్రానిది, మనది కాదు.

"ఒక కాలు పోయింది, మూడు కాలాలు అడుగుతున్నాను. ఎక్కువా?" అంది.

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నాకంటే మంచి శ్లేష వెయ్యడం అదే మొదలు. కుళ్లుకుంటూనే ఒప్పుకున్నాను. లేవలేని మనిషిని దోమలకు వదిలేస్తే వాటికి వడ్డించిన విస్తరే మరి.

అసలు చిక్కు దూలం దగ్గర వచ్చింది. కప్పు కింద అడ్డంగా ఒక మొద్దు దూలం, దానికి రెండు ఇనుప కొక్కేలు. పోయిన మామగారు వేటాడిన జంతువుల్ని వేలాడదీయడానికి పెట్టించుకున్నది. ఇప్పుడు ఆ హక్కు మా బావమరిది ఆరిన్‌ది. వాడు ఊళ్లో మందుల కొట్టు పైన రెండు గదుల్లో ఉంటాడు. దుప్పిని ఎక్కడ వేలాడదీస్తాడు, స్నానాలగదిలోనా? ప్రతి నవంబరూ మా పెరట్లోనే. ఆర్డిస్ మాత్రం, తను కూర్చునే చోట నెత్తి మీద రక్తం కారే మాంసం వేలాడకూడదంది. దూలం తీసేయమంది.

జూన్‌లో నిచ్చెనెక్కి రంపం ఆనించానో లేదో ఆరిన్ వచ్చాడు. వాడికి ఆ దూలమంటే దూల. మాట లేదు, మంతి లేదు, నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. నేను గచ్చు మీద పడ్డాను. లేచేలోపు మూతి మీద గుద్దాడు. ముందు పన్ను ఊడి గడ్డిలో పడింది. చేతికందిన చెక్కతో నేను వాడి ముక్కు మీద కొట్టాను. అది పటుక్కుమన్న చప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఇద్దరం ఒకరి గొంతు ఒకరం పట్టుకుని దొర్లుతుంటే ఆర్డిస్ కర్ర ఊతంతో గడప దాకా వచ్చి, తోట గొట్టం తిప్పి, కుక్కల్ని విడదీసినట్టు మా మీద చన్నీళ్లు కొట్టింది.

వాడు నెత్తురు తుడుచుకుంటూ, "అది నాన్న దూలం, బావా. దాని మీద రంపం పడితే నీ మీదా పడుతుంది" అని వెళ్లిపోయాడు.

మా వైపు మనుషులం ఎవరి మొహం మీదా కాదని చెప్పలేం. తన్నుకోగలం గానీ కాదనలేం. నేనూ అంతే. ఆర్డిస్‌తో, దూలం తీస్తే కప్పు కూలుతుందని చెప్పాను. ఆరిన్‌తో, అక్కను ఎలాగో ఒప్పించానని చెప్పాను. రెండూ అబద్ధాలే. ఆ దూలం కప్పును మోసింది లేదు, కప్పే దాన్ని మోస్తోంది. నేను ఎవరి కొమ్మూ కాయకుండా తప్పించుకున్నాననుకున్నాను. కొమ్ములు వెతుక్కుంటూ వస్తాయని తెలియదు.

ముక్కుకు పట్టీతో ఆరిన్ కూడా పనికొచ్చాడు. చలికి నేల గడ్డకట్టే లోతు కన్నా కిందికి గుంటలు తవ్వి స్తంభాలు పాతాం. మోకాలెత్తు గోడ కట్టి దాని మీద అద్దాలు బిగించాం. దక్షిణం వైపు పైన్ చెట్లు నిలువుగా కనిపించేలా పెద్ద అద్దం. సెప్టెంబరు నుంచి ఆర్డిస్ అక్కడే కాఫీ, అక్కడే అల్లిక. కర్ర లేకుండా కుర్చీ నుంచి తలుపు దాకా నడవడం కూడా అక్కడే నేర్చుకుంది. కొక్కేలకు ఆవిడకు కనబడకుండా గుడ్డ చుట్టాను.

నవంబరు, వేటకాలం రెండో ఆదివారం. ఆరిన్‌కు ఇంకా ఏమీ పడలేదు. పొద్దున్నే తుపాకీ మంచె మీదే వదిలి, అడవిలోంచి నారింజరంగు కోటుతో నడుచుకుంటూ కాఫీకొచ్చాడు. బూట్లు ఇంట్లోకి తేవద్దని అక్క ఆజ్ఞ. వరండాలో విప్పాడు. మగదుప్పుల్ని రప్పించడానికి ఎదకొచ్చిన ఆడదుప్పి మూత్రంలో ముంచిన గుడ్డను బూటు మడమకు కట్టుకుని, నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తారు వేటగాళ్లు. వాడు దాన్ని విప్పడం మరిచాడు. అంటే అడవి నడిబొడ్డు నుంచి వాళ్లక్క కుర్చీ పక్క దాకా పెళ్లిపిలుపు పరిచి వచ్చాడు.

మేం వంటింట్లో ఉన్నాం. ఆర్డిస్ ఉన్ని దుప్పటి కప్పుకుని వరండాలో ఉంది. వాసన పట్టుకుని వచ్చిన దుప్పికి ఎండలో మెరిసే అద్దంలో ఇంకో మగదుప్పి కనబడింది. తల దించి దూసుకొచ్చింది.

అద్దం పగిలిన చప్పుడుకు మేం పరిగెత్తేసరికి ఆర్డిస్ కుర్చీతో సహా గోడ వారగా పడి ఉంది. చెంప చీరుకుపోయింది. దుప్పి మెడలో జానెడు గాజుముక్క, రక్తం గోడలకు చిమ్ముతోంది. ఎదుటి అద్దంలో దానికి మళ్లీ శత్రువు కనబడ్డాడు. దాన్నీ పొడిచింది. వెనక్కి తిరిగితే ఎదురుగా ఆరిన్. ఒక కొమ్ము వాడి తొడలో దిగబడింది. వాడు మోకాళ్ల మీద కూలాడు. నేను రెండు కొమ్ములూ పట్టుకున్నాను. అది తల ఒక్కసారి విదిలిస్తే గోడకు కొట్టుకుని రెండు పక్కటెముకలు పోగొట్టుకున్నాను. తర్వాత అది ఆర్డిస్ వైపు తిరిగింది. నేను లేవలేకపోయాను. లోహపు కీలుతో ఆవిడా లేవలేదు.

ఆవిడ పడ్డచోటి నుంచే దుప్పటి విసిరింది.

అది కొమ్ములకు చుట్టుకుని దుప్పి కళ్లు మూసుకుపోయాయి. గుడ్డిగా గోడను, కుర్చీని, తన కాళ్లనే తన్నుకుంటుంటే ఆరిన్ నేల మీద పాకి వెళ్లి, నడుము కత్తి తీసి దాని గొంతులో దించాడు. రెండోసారీ దించాడు. అది చచ్చేదాకా వాడు దాని మెడను కౌగిలించుకునే ఉన్నాడు.

ఆర్డిస్ చెంప మీది నెత్తురు తుడుచుకుంది. బూటుకు వేలాడుతున్న గుడ్డను చూసింది. దుప్పి కొమ్ములు తగిలి, నేను చుట్టిన గుడ్డ ఊడిపోగా బయటపడ్డ దూలం కొక్కేలనూ చూసింది.

"వెర్లిన్, ఆ దూలం తీస్తే కప్పు నిజంగా కూలుతుందా?"

జవాబు చెప్పడానికి పక్కటెముకల కన్నా ఎక్కువ నొప్పేసింది. "కూలదు" అన్నాను. "నీకూ అబద్ధం చెప్పాను, వాడికీ చెప్పాను."

ఆరిన్ నా వైపు చూసిన చూపుకు ఇంకో పన్ను ఊడాల్సింది. అయితే వాడి తొడ నా ప్రాణం కాపాడింది.

పద్నాలుగు కుట్లు పడ్డాయి వాడికి. మూడో వారం ఆర్డిస్ మమ్మల్నిద్దర్నీ పెరట్లోకి పిలిచింది. మంచు కురుస్తోంది. కోటు వేసుకుని అద్దాల్లేని వరండాకు ఎదురుగా కుర్చీలో కూర్చుని, మామగారి రెండు పిడుల రంపం చూపించింది.

"చెరో పిడీ పట్టుకోండి. మాట్లాడుకోనక్కర్లేదు."

లాగాం. నేను లాగితే పక్కటెముకలు, వాడు లాగితే తొడ. ఒక కొస తెగింది. రెండో కొస తెగగానే దూలం గచ్చు మీద దబ్బున పడింది. ముగ్గురం తల పైకెత్తి చూశాం. కప్పు అలాగే ఉంది. ఒక చెంచాడు మంచు మటుకు నా మెడలో పడింది.

ఆరిన్ దూలం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆర్డిస్ కర్ర లేకుండా లేచి, నాలుగడుగులు నడిచి, పెరటి చివరనున్న రెండు పైన్ చెట్ల వైపు వేలు చూపించింది.

"వాటి మధ్య కట్టుకోరా. నాన్న దూలం నీది. నా కుర్చీ నాది."

ఇద్దరం దాన్ని భుజాలకెత్తుకున్నాం. దారి పొడుగునా వాడు కుంటుతూనే తన వంతు మోశాడు. చెట్టు దగ్గరికొచ్చాక మటుకు, బరువంతా నా వైపుకి వదిలాడు.