నత్త గొంతులో తోడు

"నత్తకు తోడు వేసింది ఎవరు?" అని శంకరప్ప సారు మైకులో అనేసరికి, వెనక వరసలో కూర్చున్న ఇంద్రాణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

కుప్పంలో సెమినారు. హాలు నిండా జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్లు. తెర మీద లోతు సముద్రపు నత్త. మదనపల్లెలో పాఠాలు చెప్పుకుంటూనే ఇంద్రాణి అయిదేళ్లుగా ఈయన దగ్గర ఆ నత్తల మీద పరిశోధన చేస్తోంది. ఆయన సంతకం పెడితే గానీ ఆమె థీసిస్ యూనివర్సిటీ గడప తొక్కదు.

ఆ తోడు మాట ఆయనది కాదు. ఇంద్రాణి అమ్మ గౌరమ్మది. పుంగనూరు పక్క పల్లెలో పొట్టి ఆవుల్ని సాకే మనిషి. వెలుతురు చేరని లోతులో, గంధకపు వేడినీళ్లు చిమ్మే చోట ఉండే నత్త ఏమీ మేయదని కూతురు చెబితే, ఆమె పాలు తోడుపెడుతూ, "మేయకుండా ఎట్ల బతుకుతాది పాపా? మన ఆవు మాదిరే లోపల యాదో తోడు పడుంటాదిలే" అంది.

నిజమే. ఆవు కడుపులో గడ్డిని అరిగించేది సూక్ష్మజీవులే. ఈ నత్తల పూర్వీకులు రాళ్ల మీది పాచి గీక్కుని తిన్నవే. ఆ చీకట్లో పాచి ఎక్కడిది? కోట్ల ఏళ్లలో గొంతు ఉబ్బి సూక్ష్మజీవులకు ఇల్లయింది. పేగు చిక్కిపోయి పేరుకు మిగిలింది. నత్త గంధకం అందిస్తే, అవి దానికి తిండి తయారుచేసి పెడతాయి. ఇంద్రాణి ఇదంతా అమ్మ మాటతోనే రాసి ఇస్తే, సారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పశువుల కొట్టం కబుర్లు సైన్సు కావన్నాడు. ఇప్పుడు వాటికే చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. సిగ్గన్నది ఏ కోశానా లేదు మనిషికి.

దూడకు తల్లి నాకి తోడు ఇచ్చినట్టే, తల్లి నత్త కూడా పిల్లకు ఇస్తుందని చదివాడు సారు. ఇంద్రాణి లేచి వేదిక ముందుకు నడిచింది.

"అది తప్పు సార్. పిల్ల నత్తకు తోడు తల్లి ఇయ్యదు. సముద్రం నీళ్లలోంచి అదే పట్టుకుంటాది. ఆవులుండే ఇంట్లో పుట్టినదాన్ని కదా, మొదటిసారి నేనే అట్ల రాసినా. తరవాత దిద్దుకున్నా. మీరు చదువుతాండేది నా పాత కాగితం సార్."

సారు ముఖం మాడిపోయింది. నవ్వు తెచ్చిపెట్టుకుని, టీ తాగాక గదిలో మాట్లాడుకుందామన్నాడు. ఆమె కదల్లేదు. మైకు మీద అరచెయ్యి మూసి, కిందికి వంగి, సంతకం వద్దా అని మెల్లగా అడిగాడు.

అయిదేళ్లుగా ఆ ఒక్క ప్రశ్నకే ఆమె భయపడుతూ వచ్చింది. ఇప్పుడు కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"కావల్ల సార్," అంది, చివరి వరసకూ వినబడేట్టు. "ముందు ఆ తోడు మాట పక్కన మా అమ్మ పేరు రాయండి. దాని కింద పెట్టండి, మీ సంతకం."