ఫంకా గాలి

గద్వాలలో మగ్గం నేసే స్వరూపకు తమ్ముడు హరీష్ అంటే ప్రాణం. వాడు ఒక్క మనిషి కూసునే విమానం కడతనంటే అందరూ నవ్విండ్రు గాని ఆమె నవ్వలేదు. రెక్కలకు కప్పే నూలు బట్ట తానే నేసి, తానే గంజి పెట్టింది.

ఆదివారం అయిజ దగ్గరి బీడులో ఎగురుడు అని చాటింపయింది.

రెక్కలు మాత్రం చిన్నగ పెట్టిండు హరీష్. విమానాన్ని పల్లికాయ తూచే కాంటా మీదికి ఎక్కించి, తోకను ట్రాక్టరుకు కట్టి, రెక్క మీదికి గాలి ఊదేటట్టు రెక్కకొకటి ఉన్న ఫంకాలు రెండూ ఫుల్లుగ తిప్పిండు. బరువు సగానికి పడ్డది. ఇంకేం, మిగిలిన సగం ఉరికితే లేస్తది, ఈ రెక్కలే చాలనుకున్నడు. గాలి లేనినాడు ట్రాక్టరు ఫంకాతోని పల్లికాయ తూర్పారబట్టే ఊర్లు ఇవి. ఫంకా ఊదితే గాలి వచ్చినట్టే లెక్క ఇక్కడ.

"దిగేటప్పుడు ఫంకా తగ్గిస్తవు గదరా. అప్పుడు రెక్క మీదికి గాలి ఎవడు ఊదాలె?" అన్నది స్వరూప.

"ముందుకు పోతుంటే గాలి అదే వస్తదక్కా."

"చాలుతదా? తూచి చూపించు."

వాడికి ధీమా. శనివారం కాంటాతో సహా విమానాన్ని డీసీఎం లారీ మీద కట్టి, ఫంకాలు ఆపి, దిగే వేగంతోనే ఖాళీ రోడ్డు మీద ఉరికిచ్చిండు. బరువు జరంత తగ్గింది. అంతే.

వాడి ముఖం మాడింది. "ఫంకాలు తిప్పుకుంటనే దిగుత, తియ్!"

"ఒకటి ఆగితే? ఆ దిక్కు రెక్క కూలుతది. బోర్ల పడి చస్తవు."

"నీకు భయం."

"భయమే. ఉండొద్దా?"

తెల్లారి బీడంత జనం. పల్లి వ్యాపారి తిరుపతయ్య ఈల వేసి, "ఏం పిలగా, ఎగురుతవా, రెక్కలు ఊపి ఇంటికి పోతవా?" అన్నడు. పోయేది తిరుపతయ్య పానం కాదు మరి. హరీష్ ఎవరి దిక్కూ చూడకుండ సీట్ల కూసున్నడు.

స్వరూప కత్తెర తీసింది. రెక్క బట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చీరింది. రెండో రెక్కనూ చీరింది. పోగు పోగూ తన చేతులతోని నేసిన బట్ట.

జనం తిట్టిండ్రు, మన్ను చల్లిండ్రు. హరీష్ దిగొచ్చి చెయ్యెత్తిండు. ఎత్తిన చెయ్యి కొట్టలేక దించిండు.

చానా దినాలు అక్కతోని మాట్లాడలేదు. ఒకనాడు వచ్చి మగ్గం ముందట నిలబడ్డడు.

"రెక్క ఎంత పెంచాలెరా?" అన్నది ఆమె, చెయ్యి ఆపకుండనే.

వాడు రెండు చేతులూ బార చాపిండు.

"ఒక్కో దిక్కుకా?"

తల ఊపిండు.