బావ గుండె, పదిహేడో నంబరు బస్సు

మా అక్కను పెళ్ళి చేసుకోవడం ఒక్కటే బావ జీవితంలో చేసిన సాహసం అని నేను అందరితో అంటూ ఉంటాను. ఆ తర్వాత ఆయన ఏ ప్రమాదానికీ ఎదురెళ్ళలేదు. పందొమ్మిదేళ్ళుగా నేను నడిపే పదిహేడో నంబరు బస్సుకు ఆయనే కండక్టరు. నేను ముందు, ఆయన వెనక. మా మధ్య బస్సు పొడవునా ఒక తాడు, తాడు చివర నా నెత్తిమీద ఒక బెల్లు. ఒకసారి మోగితే ఆపాలి. రెండుసార్లు మోగితే కదలాలి. మూడుసార్లు మోగితే బస్సు నిండిపోయిందని అర్థం, స్టాపులో ఎవరు చెయ్యెత్తినా ఆపకూడదు. ఇంట్లో నోటితో మాట్లాడుకున్నదానికంటే మేం ఆ బెల్లుతో మాట్లాడుకున్నదే ఎక్కువ.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున టెర్మినస్‌లో టీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, "ఒరేయ్, నా గుండె ఒక దెబ్బ తప్పిందిరా" అన్నాడు.

"తప్పితే తప్పింది, మళ్ళీ కొట్టుకుంది కదా" అన్నాను.

"కొట్టుకుంది. కానీ ఆలస్యంగా ఇంటికొచ్చినవాడు తలుపు బాదినట్టు కొట్టుకుంది."

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. తొమ్మిది కాకుండానే నాలుగో టీ తాగేవాడి గుండె గంతులెయ్యక ఏం చేస్తుందని కసిరి బస్సెక్కాను. కసిరాను గానీ, ఆ ట్రిప్పంతా అద్దంలో ఆయన్నే చూస్తూ నడిపాను.

ఆ రోజు నుంచి బావ కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు వదల్లేదు. టిక్కెట్టు చింపాలంటే మణికట్టు వదలాలి, మణికట్టు వదిలితే ఆ సందులో ఏ దెబ్బ తప్పుతుందోనని భయం. ఆస్పత్రి స్టాపుకు అడిగినవాళ్ళకు మార్కెట్టు టిక్కెట్టు ఇచ్చాడు. రెండు వారాలు చూసి అక్క నా దగ్గరకొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ తన చెయ్యి తనే పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నారు. నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళు. ఆయనేమో అడగాల్సినవి అడగరు, నువ్వేమో అడక్కూడనివి అడుగుతావు. ఇద్దరూ కలిసెళ్తే సరిపోతుంది."

వెళ్ళేముందు బావ జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. డిపోలో పోయిన వస్తువుల కౌంటరులో పోస్టు ఖాళీ అవుతోంది. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులూ టిఫిన్ డబ్బాలూ చూసుకునే ఉద్యోగం, కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. దరఖాస్తు శుక్రవారం సాయంత్రం లోపు ఇవ్వాలి.

"ఈ తప్పే దెబ్బలు పూర్తిగా పోతాయని డాక్టరు చెప్తే బస్సులోనే ఉంటా. పోవంటే మాత్రం కౌంటరులో కూర్చుంటానురా. అందరి మధ్యలో పడిపోతే పరువు పోతుంది" అన్నాడు.

కొత్త కండక్టరు వస్తాడు, తాడు వాడూ లాగుతాడు. కానీ నేను బ్రేకు వేసే తీరుని బట్టి నిన్న ఇంట్లో గొడవైందో లేదో వాడికేం తెలుస్తుంది? ఆ మాట లోపలే దాచుకుని, "మంచిది, కూర్చో. గొడుగులు నీకు బాగా నప్పుతాయి" అన్నాను. ఆ రోజంతా బ్రేకులు గట్టిగానే వేశాను.

డాక్టరమ్మ ఓపికగల మనిషి. రక్తం చూసింది, గుండె స్కాన్ తీయించింది. రెండూ శుభ్రంగా ఉన్నాయంది. "రావాల్సిన దెబ్బ కాస్త ముందే వచ్చేస్తుంది. అందుకే తర్వాత చిన్న ఖాళీ, ఆ తర్వాత ఒక గట్టి దెబ్బ. మీకు తెలిసేది ఆ గట్టిదే" అని చెప్పి, ఇరవై నాలుగ్గంటలూ గుండె లెక్క రాసే పెట్టె ఒకటి బావ నడుముకు కట్టించింది. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. పనికీ వెళ్ళండి. దెబ్బ తప్పినట్టు అనిపించినప్పుడల్లా టైమూ, అప్పుడేం చేస్తున్నారో ఈ పుస్తకంలో రాయండి" అంది.

బుధవారం పొద్దున బావ బస్సెక్కాడు. ఒక పక్క టిక్కెట్ల సంచి, ఇంకో పక్క గుండె పెట్టె, చొక్కా లోపల వైర్లు. ఇక పుస్తకం ఏ చేత్తో పట్టుకుంటాడు?

నా వెనక మొదటి సీటులో రిటైరైన లెక్కల టీచరుగారు కూర్చుంటారు. ఇంట్లో పొద్దుపోక రోజూ రెండు ట్రిప్పులు తిరిగి వెళ్ళిపోతారు. ఆవిడ చెయ్యి చాపి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. ముప్పై నాలుగేళ్ళు పిల్లల హాజరు వేశాను, మీ గుండె హాజరు వెయ్యలేనా? ఇవాళ సాయంత్రం దాకా దిగను" అన్నారు. బావ తప్పిన దెబ్బను తెలియజేస్తే చాలు, ఆవిడ రాసుకుంటారని ఒప్పందం. ఎలా తెలియజెయ్యాలో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

వంతెన మీద ఉండగా బెల్లు ఒకసారి మోగింది. నేను ఆపేశాను. కింద నది, ముందు ఖాళీ రోడ్డు, వెనక అరడజను బండ్ల హారన్లు.

"ఇక్కడెవరు దిగుతారయ్యా, చేపలా?" అన్నాడు ఒకాయన.

"బెల్లు కొట్టారు, ఆపాను" అన్నాను.

"అది నా గుండెరా" అన్నాడు బావ వెనక నుంచి, చాలా చిన్న గొంతుతో.

పందొమ్మిదేళ్ళ అలవాటు. కబురు చెప్పాలనుకోగానే ఆయన చెయ్యి తాడు మీదికే పోయింది, తాడు మోగగానే నా కాలు బ్రేకు మీదికే పోయింది. ఇక ఆ తర్వాత తాడు ముట్టుకోకుండా, టిక్కెట్లకు చిల్లు పెట్టే కట్టరుతో కమ్మీ మీద టక్కున కొట్టాలని టీచరుగారు తీర్మానించారు.

మధ్యాహ్నానికి బస్సు బస్సంతటికీ సంగతి తెలిసిపోయింది. టక్కుమంటే చాలు, "పడింది, రాసుకోండి టీచరుగారూ" అని నలుగురు అరిచేవారు. ఒక ముసలావిడ లేచి కండక్టరుకు సీటిచ్చింది. బావ సిగ్గుతో చచ్చిపోయి, ఆవిణ్ణి కూర్చోబెట్టడానికి రెండు స్టాపులు బతిమాలుకున్నాడు. అద్దంలో చూసి నవ్వుకున్నాను, వెంటనే శుక్రవారం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం అయిదింటి ట్రిప్పుకు ఆఫీసులు వదిలారు. మొదటి స్టాపులోనే మూడు బెల్లులు. బావ ఆ జనంలోంచి మునిగీ తేలీ వస్తున్నాడు. ఎవరో దిగాల్సిన స్టాపు దాటిపోయారు, ఎవరిదో చెప్పు కింద పడిపోయింది, ఒక చంటిది ఆయన కట్టరు లాక్కుని ఇవ్వనంటోంది. గంటన్నరసేపు కమ్మీ ఒక్కసారి కూడా మోగలేదు. టీచరుగారు వాచీ చూసి ఏదో రాసుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం డాక్టరు గదిలో కూర్చున్నాం. పుస్తకం తనది కాబట్టి తనూ రావాల్సిందేనని టీచరుగారు పట్టుబట్టారు. బావ చొక్కా జేబులో దరఖాస్తు అంచు కనబడుతోంది.

"ఒక రోజులో ముందే వచ్చేసిన దెబ్బలు ఎనిమిది వందల నలభై" అంది డాక్టరమ్మ.

బావ జేబులో దరఖాస్తు తడుముకున్నాడు.

"లక్ష పైచిలుకులో ఎనిమిది వందల నలభై. అంటే నూటికి ఒకటి కూడా లేదండీ. ఎంతోమంది గుండెల్లో ఉంటాయివి, చాలామందికి తెలియను కూడా తెలియదు. మీ పుస్తకంలో నలభై ఒకటి ఉన్నాయి. అందులో పందొమ్మిది అసలు పెట్టెలో లేనేలేవు. ఆ టైముల్లో మీ గుండె గడియారంలా కొట్టుకుంది. అప్పుడేమైందో నాకు అర్థం కావడం లేదు."

"నాకవుతోంది" అన్నారు టీచరుగారు. "చోటు కూడా రాశాను కదా. పందొమ్మిదీ బేకరీ మలుపు దగ్గర, స్కూలు ముందర. రెండు చోట్లా స్పీడ్ బ్రేకర్లున్నాయి."

గదిలో అందరూ నావైపు చూశారు. పందొమ్మిదేళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వని నేను, బావ గుండెను మాత్రం రోజంతా ఎగరేస్తూ తిరిగానన్నమాట.

"ఇంకో సంగతి" అని టీచరుగారు పుస్తకం తిప్పారు. "టెర్మినస్‌లో ఖాళీగా కూర్చున్న టైమంతా కలిపితే గంట. ఆ గంటలో ఎన్ని?"

డాక్టరమ్మ కాగితం చూసింది. "ముప్పై ఒకటి."

"కండక్టరుగారు చెప్పినవి పదిహేడు. సాయంత్రం బస్సు నిండుగా ఉన్న గంటన్నరలో?"

"అరవై రెండు."

"ఆయన చెప్పినవి సున్నా."

బావ పుస్తకం వైపూ డాక్టరమ్మ కాగితం వైపూ మార్చి మార్చి చూశాడు. "అంటే అప్పుడు కూడా తప్పాయా?" అని అడిగాడు.

"తప్పాయి. మీకు పట్టించుకునే తీరిక లేదంతే" అంది డాక్టరమ్మ.

అప్పుడు బావ అడగాల్సింది అడిగాడు. "ఇవి పోతాయా, అమ్మా?"

పోతాయని ఒక్క అబద్ధమాడితే ఈవిడ సొమ్మేం పోయిందనిపించింది. ఆవిడ ఆడలేదు. "మాటివ్వలేను. కొందరికి పూర్తిగా పోతాయి. కొందరికి నెలల తరబడి కనబడక, నిద్ర తక్కువైనప్పుడో టీ ఎక్కువైనప్పుడో మళ్ళీ వస్తాయి. టీ తగ్గించండి, వేళకు పడుకోండి. కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పొచ్చినా, ఆయాసమొచ్చినా మాత్రం ఆగకుండా వెంటనే రండి. అవి లేనంతవరకూ ఉంటే ఉండనివ్వండి. మీ గుండె మంచిది."

బయటికొచ్చాక టీచరుగారు ఇంటిదారి పట్టారు. మేమిద్దరం డిపోకు నడిచాం. పోతాయంటే బస్సులోనే ఉంటానన్నాడు బావ, డాక్టరేమో అలా అనలేదు. లెక్క ప్రకారం ఇక కౌంటరే.

డిపో వెనక వరండాలో ఉంది కౌంటరు. కిటికీ అవతల గుమాస్తా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చుట్టూ గొడుగులు. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గోడ గడియారం ముల్లు కదలడం వరండాలోకి వినబడుతోంది.

"రోజుకు ఎంతమంది వస్తారండీ?" అని గుమాస్తాను అడిగాను.

"నలుగురో, అయిదుగురో. వానాకాలమైతే ఇంకో ఇద్దరు."

"మిగతా టైమంతా?"

"ఇదిగో, ఇలాగే."

బావ జేబులోంచి కాగితం తీశాడు. తీసి, ఎడమచేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుడిచేతి వేళ్ళు తమంతట తామే మణికట్టు మీదికి వచ్చాయి. ఆయన వాటివంక చూసుకున్నాడు, నేనూ చూశాను.

అప్పుడన్నాను, నేల చూస్తూ. "బావా, నువ్వు దిగిపోతే నాకు బాగుండదు. నువ్వు లేకుండా ఆ బండి నడపాలని లేదు నాకు. దారిలో నీకేమైనా అయితే బస్సును నేరుగా ఆస్పత్రికే పోనిస్తా, స్టాపు ఉన్నా లేకపోయినా."

"జనంతో సహానా?"

"జనంతో సహా."

బావ నవ్వలేదు గానీ మీసం కదిలింది. ఇంతలో గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంతకీ మీరేం పోగొట్టుకున్నారు?" అని అడిగాడు.

"ఇంకా ఏమీ పోగొట్టుకోలేదండీ" అన్నాడు బావ. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేశాడు. "పదరా, అయిదింటి ట్రిప్పుకు టైమవుతోంది."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. బావ టీ రెండు గ్లాసులకు దిగాడు. మొన్న రోడ్డు దాటేటప్పుడు ఆయన అక్క చెయ్యి పట్టుకున్నాడట. నాడి చూస్తున్నారేమో అనుకున్నానురా, కాదు, అని అక్క మూడుసార్లు చెప్పింది. టీచరుగారు మళ్ళీ రెండు ట్రిప్పులకే పరిమితమయ్యారు. మరీ మెత్తగా నడుపుతున్నావు, కునుకొస్తోందని నన్ను సాధిస్తున్నారు.

నిన్న టెర్మినస్‌లో ఉండబట్టలేక అడిగాను. "పోయాయా, బావా?"

"అప్పుడప్పుడూ ఎక్కుతాయి. రెండు స్టాపులు నిలబడి దిగిపోతాయి" అన్నాడు.

అని లేచి వెనక మెట్టెక్కాడు. నేను నా సీటులో కూర్చుని అద్దం సరిచేసుకున్నాను. నెత్తిమీద బెల్లు రెండుసార్లు మోగింది. బండి కదిలించాను. బేకరీ మలుపు దగ్గర స్పీడ్ బ్రేకరు రాగానే గేరు తగ్గించి, ముందు చక్రాలు ఎక్కించి దించి, తర్వాత వెనక చక్రాలు ఎక్కించి దించాను. కమ్మీ మోగుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. వెనక బావ ఎవరితోనో, ఆస్పత్రి స్టాపు ఇంకా రెండు స్టాపుల తర్వాతేనమ్మా, కంగారు పడకండి, నేను చెప్తాగా, అంటున్నాడు.