రెండో క్లచ్

డ్రైవింగ్ స్కూలు మాస్టారి బండికి బ్రేకులున్నాయి గానీ నోటికి లేవని అందరూ అనుకునేవాళ్ళు. పక్క సీట్లో కూర్చున్నాడంటే చాలు, "అద్దం చూడు, ఇండికేటర్ వెయ్యి, క్లచ్ తొక్కు, ఆ సైకిలాయన్ని చూసుకో, సెకండ్ గేర్, మెల్లగా వదులు, మెల్లగా!" అంటూ ఊపిరాడనిచ్చేవాడు కాదు. రోడ్డు చూడాలో, ఆయన మాట వినాలో, కాళ్ళ సంగతి చూసుకోవాలో తెలియక నేర్చుకునేవాళ్ళు తలమునకలైపోయేవాళ్ళు. ఇరవై ఏడేళ్ళుగా అదే పాఠం. తనంత బాగా నేర్పేవాడు ఇంకొకడు లేడని ఆయన నమ్మకం. నమ్మకానికేం, ఖర్చా పాడా!

ఇప్పుడాయన దగ్గర నేర్చుకుంటున్నది సొంత తమ్ముడి భార్య. నర్సు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చే ఉద్యోగం ఒకటి చేతికందేలా ఉంది. కారు ఆసుపత్రి వాళ్ళదే, కానీ నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి. ఇప్పటికే రెండు టెస్టులు పోయాయి. రెండుసార్లూ ఒక్కచోటే. ఎత్తు మీద ఆపిన బండిని మళ్ళీ కదిలించబోతే ఇంజన్ ఆగిపోయి వెనక్కి జారింది. విచిత్రమేమిటంటే, మాస్టారు పక్కనుంటే అదే ఎత్తును అవలీలగా ఎక్కేసేది.

రెండోసారి పోయిననాడు భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ ఉండగా ఆయన అనేశాడు. "నేనెంత నూరిపోస్తే ఏం లాభం? పరీక్ష అనేసరికి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ మాత్రం గుండె లేనివాళ్ళకి స్టీరింగ్ ఎందుకు?"

ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నెలాఖరులోపు ఇంకొక్క టెస్టే ఉంది. దానికి నాలుగు రోజులుందనగా కారు మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. అది నేర్పే కారు కాబట్టి ప్రమాదం వస్తే తొక్కడానికి మాస్టారి వైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి; ఇటుది తొక్కితే అటుదీ దిగుతుంది. మెకానిక్ తల లోపల పెట్టి చూసి నవ్వాడు.

"మాస్టారూ, పోయినేడాది రెండువైపులా పెడల్స్‌కి కొత్త రబ్బర్లు వేశాను కదా. నేర్చుకునేవాళ్ళ వైపుది గీత కూడా చెరగలేదు. మీ క్లచ్ రబ్బరు అరిగి ఇనుము తేలింది. ఇంతకీ బండి నడిపేదెవరండీ?"

మాస్టారు కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పాఠంలో తన కాలిని తానే కనిపెట్టుకుని కూర్చున్నాడు. నోరు "క్లచ్" అనేలోపే ఎడమకాలు వెళ్ళి తొక్కేసింది. ఆమె వైపు పెడల్ దానంతటదే దిగింది. ఎత్తు దగ్గర దాన్ని కొద్దికొద్దిగా పైకి వదిలిందీ ఆయన కాలే. ఆమె పాదం దానిమీద ఊరికే కూర్చుని ఉంది. ఆయన వాగుడు వినడంతోనే సరిపోయి ఆ పిల్లకి అది తెలియనే లేదు. శ్రద్ధ లేదని తిట్టి పంపిన వాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. సిగ్గుతో మాస్టారి చెవులు వేడెక్కాయి.

కాలు లాక్కుని సీటు కిందికి ముడుచుకున్నాడు. ఎత్తు మీద బండి ఆగిపోయింది. మళ్ళీ ఆగిపోయింది. ఐదుసార్లు.

"నిన్నటిదాకా వచ్చింది కదా బావగారూ! ఇవాళేమైంది నాకు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"పరీక్ష దగ్గరపడింది కదమ్మా. భయపడుతున్నావు," అన్నాడు.

ఆ మాట తన చెవినే పడ్డాక ఆమె వైపు చూడలేకపోయాడు. ఆ తర్వాతి రెండురోజులూ "విశ్రాంతి తీసుకో, మంచిది" అని పాఠం తప్పించాడు.

టెస్టునాడు గోడవారన నిలబడి చూశాడు. ఇన్‌స్పెక్టరు పాదాలు రెండూ వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. కారు వెనక్కి జారింది.

ఆమె వచ్చి తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "మీరన్నది నిజమే బావగారూ. నాది పిరికి గుండె. ఉద్యోగానికి రాలేనని ఫోన్ చేసేస్తాను."

ఇక ఓర్చుకోలేకపోయాడు. "నీ గుండె కాదమ్మా, నా కాలు," అంటూ రబ్బరు సంగతి, కాలి సంగతి అంతా చెప్పేశాడు. మొన్నటిదాకా నా పాఠాల్లో ఒక్కసారైనా నీ అంతట నువ్వు క్లచ్ వదల్లేదమ్మా అన్నాడు.

ఆమె అంతా విని నెమ్మదిగా అడిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"ఆ ఐదుసార్లు బండి ఆగిననాడు."

"మూడు రోజులైంది." ఆమె గొంతు పెంచలేదు. "నిద్రపోకుండా నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆ మూడు రోజులూ ఎత్తు ఇక్కడే ఉంది బావగారూ. కారు మీ గుమ్మంలోనే ఉంది."

ఆమె బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది. కారులో వెళ్దాం రమ్మని పిలవడానికి ఆయనకు మొహం చెల్లలేదు.