సాపు చేసిన నీళ్లు

"నీళ్లు వంచాలె! జల్ది గేటు తియ్యి!"

కోదాడలోని ఆ జూనియర్ కాలేజీ ముందు మోపెడ్ పూర్తిగా ఆగకముందే మల్సూర్ పెట్టిన కేక ఇది. వాచ్‌మన్ పరశురాములు ఆయన్ని ఎగాదిగా చూశాడు. నుదుటి మీదికి నెట్టిన వెల్డింగ్ అద్దాలు, చంకలో మూరెడు ఇనుప పైపు, మొహం నిండా చెమట. పాపం, దాహం కాబోలు అనుకున్నాడు.

"కుండ ఆ మూల ఉందండీ. వంచుకుని తాగండి. గ్లాసు మాత్రం అక్కడే పెట్టండి."

"తాగే నీళ్లు గాదయ్యా, ఇనుప నీళ్లు!"

దాహం కాదు, వడదెబ్బే అని తేల్చుకుని పరశురాములు తనే లేచి గ్లాసులోకి నీళ్లు వంచాడు. ఆయన తిరిగి చూసేలోగా మల్సూర్ గేటు సందులోంచి దూరి మెట్లెక్కుతున్నాడు.

టైము పదకొండుంబావు. కూతురు చెప్పే డెమో క్లాసు పదకొండుకు మొదలై అరగంటలో అయిపోతుంది. డెమో ఇచ్చినవాళ్లు ఉద్యోగం వస్తుందో ఏమో అనుకోవడం మామూలే. ఈ డెమోలో ఆ 'ఏమో' కూడా మిగల్లేదు. పోయినట్టే. పోగొట్టింది ఎవరో కాదు, కన్నతండ్రి.

కూతురు సౌమ్య మిర్యాలగూడలో కెమిస్ట్రీ చెప్పిన కాలేజీ మూతపడి ఏడాదైంది. తర్వాత ఇచ్చిన రెండు డెమోలూ తన్నేశాయి. "ఇది గూడ పోతే ఇగ నేను చాక్‌పీస్ ముట్ట నాయినా" అంది నిన్న. అలిగి అన్న మాట కాదది, అలసి అన్న మాట. అందుకే మల్సూర్‌కి అన్నం దిగలేదు.

సూర్యాపేటలో మల్సూర్‌ది గేట్లు, కిటికీలు చేసే షాపు. ఆ షాపులోంచి సాపుగా, తిన్నగా లేని సరుకు బయటికి పోదు. ముప్పై ఏళ్లుగా ఒకటే పద్ధతి. గుమ్మం దాటే ప్రతి సలాకనూ తుపాకీలా ఎత్తి, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తాడు. వెంట్రుకంత వంకర ఉన్నా దాగలి మీద పెట్టి సుత్తితో వాయిస్తాడు. కూతురి పాఠం కోసం అణువుల బొమ్మలు రెండు చేసిచ్చాడు. ఒక్కో సలాకకు మూడేసి ఇనుప గుండ్లు: నడుమ ఒకటి, కొసలకు రెండు. ఒకటి కార్బన్ డయాక్సైడట, ఇంకోటి నీళ్లట. పొద్దున్నే సౌమ్య నీళ్ల సలాకను వైస్‌లో బిగించి, కొలిచి మరీ వంచి, స్నానానికి పోయింది. మల్సూర్ దాన్ని సంచీలో పెట్టబోతూ అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి చూశాడు. అరెరె, కింద పడి వంగినట్టుందే! కన్ను మూసినవాడు నోరు తెరిచి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. సాపు!

బస్సు మునగాల దాటాక సౌమ్య సంచీ విప్పి ఫోన్ చేసింది.

"నాయినా, నీళ్లను ఏం జేసినవ్?"

"సాపు జేసిన బిడ్డా. వంగి ఉండె."

తిట్టినా బాగుండేది. సౌమ్య తిట్టలేదు. "వంగి ఉంటెనే అవి నీళ్లు నాయినా. దిగంగనే సర్టిఫికెట్లు సూస్తరంట. ఇగ టైమ్ లేదు."

అంతే. గుండు దూరేంత పైపొకటి చంకన పెట్టుకుని, షాపుకు తాళమైనా వెయ్యకుండా, లారీల మధ్య ప్రాణాలు పిడికిట్లో పట్టుకుని వచ్చాడు.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే సౌమ్య చేతుల్లో రెండు సలాకలూ సాపే. బోర్డు మీద వంగిన నీళ్లు, చేతిలో వంగని నీళ్లు. వెనుక బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, రెండూ ఒకటే తీరున్నయి గదా. ఒకటి పోలార్, ఇంకోటి కాదంటే ఎట్ల?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నీళ్ల గురించి చెప్పాల్సిన పిల్ల నీళ్లు నమిలింది. ప్రిన్సిపల్ జగదీష్ పెన్నుకు మూత పెట్టాడు. ఆ టిక్కుమన్న చప్పుడు మల్సూర్ గుండెలో సుత్తిదెబ్బలా పడింది. తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

"ఎవరండీ మీరు?"

"గా నీళ్లు జేసినోణ్ని సార్! ఒక్క నిమిషం, మీ కాళ్లు మొక్కుత!"

కూతురి చేతిలో సలాక లాక్కుని ఒక కొసను కిటికీ ఊచల్లో ఇరికించాడు. రెండో కొసకు పైపు తొడిగాడు. సౌమ్య రెప్ప వెయ్యకుండా చూసింది. ఇక పోయేదేముంది?

"ఆగు నాయినా, వంచకు!" క్లాసు వైపు తిరిగింది. "సూడుండ్రి. నడుమ ఉన్నది ఆక్సిజన్. రెండు దిక్కుల నుంచి ఎలక్ట్రాన్లను తన దిక్కు గుంజుతది. నీళ్లు గిట్ల సాపుగ ఉంటే ఆ రెండు గుంజుళ్లు ఎదురెదురు. ఒకదానికొకటి సరి. లెక్క సున్నా. కార్బన్ డయాక్సైడ్‌ల కొసలకున్న ఆక్సిజన్లు గుంజుతయి, గంతే తేడా. అది నిజంగ సాపే, అందుకే పోలార్ కాదు. ఇగ వంచు నాయినా!"

మల్సూర్ తన బరువంతా పైపు మీద వేశాడు. సలాక మూలిగింది. వంగింది.

"ఇప్పుడో? రెండు గుంజుళ్లు కలిసి ఆక్సిజన్ దిక్కే పోతున్నయి. గీ మూలకు మైనస్, గా కొసలకు ప్లస్. గదే పోలార్ అంటే. గుండ్లు అవే, సలాక అదే. మారింది రూపమొక్కటే."

"అంటే నీళ్లు వంగకుంటే ఉప్పు కరగదా మేడమ్?" అదే అమ్మాయి.

"కరగది. ఉప్పును గుంజి విడదీసేది గా ప్లస్, మైనస్‌లే. చారు సప్పగనే తాగాలె."

ఈసారి నవ్వు వేరు. జగదీష్ పెన్ను మూత తీశాడు. "సోమవారం నుంచి రాగలరా అమ్మా?" అని, మల్సూర్ వైపు చూశాడు. "ఇంత ఉపాయం ఉన్నవాళ్లు ముందే వంచి తేవచ్చుగా పెద్దాయనా? ఈ హడావుడి ఎందుకు?"

అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన చెప్పాల్సిందీ వంకర సంగతే. మల్సూర్ అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బిడ్డ పొద్దుగాల కొలిచి సక్కగనే వంచింది సార్. కింద పడి వంగిందనుకొని, అడగకుంట, నేనే సుత్తెవెట్టి సాపు జేసిన. పిల్లలూ, మీరు గూడ ఇనుండ్రి. మీ మేడమ్‌కు పాఠం రాక గాదు, నాకు వంకర సూసుడు రాక."