ఎవరిని తిట్టినట్టు

"ఆ దర్జీకి కత్తెర పట్టుకోవడం కూడా రాదు" అని టీకొట్టు దగ్గర హెడ్మాస్టారు ఎవరితోనో అనడం దర్జీ చెవిన పడింది. హెడ్మాస్టారి బట్టలు కుట్టేది తనే. అంతే, ఇంటికొచ్చినా ముద్ద దిగలేదు. మిషను ముందు కూర్చుని ఎవరి చొక్కాకో కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేశాడు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. అతను బౌద్ధ భిక్షువు. బావ గోడు విని, "మాట ఎప్పుడో గాల్లో కలిసిపోయింది బావా. 'నన్నే' అని నువ్వు పట్టుకు వేలాడుతున్నావు చూడు, బాధంతా అక్కడుంది" అన్నాడు.

"గుండు చేయించుకుని కూర్చున్నావు, నీకేం, ఎన్నైనా చెబుతావు!" అని దర్జీ కసిరాడు.

ఇంతలో భార్య నవ్వుకుంటూ వచ్చింది. "ఆయన తిట్టింది మిమ్మల్ని కాదట. కొత్త ప్యాంటు పాడుచేశాడని పక్కవీధి దర్జీనట. మాస్టారి భార్యే చెప్పింది."

దర్జీ మొహం చాటంతయింది. వెంటనే కంచం ముందు కూర్చున్నాడు.

"చూశావా బావా? అదే మాట, అవే చెవులు. 'నేను' తప్పుకోగానే బాధ ఏమైపోయింది?"

"నిజమేరోయ్!" అంటూ దర్జీ మారు వడ్డించుకున్నాడు. మరుక్షణం ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

"అవునూ, నన్ను కాదని ఆ ప్యాంటు వాడికెందుకిచ్చినట్టు?"

భిక్షువు నిట్టూర్చి, మంచినీళ్ల గ్లాసు బావ ముందుకు జరిపాడు.